ఉప్పురాణి అసలు రంగు

"మా గ్రూపులో మనిషి రంగు చూసేవాళ్లు మచ్చుకి ఒక్కరు కూడా లేరు" అని అడ్మిన్ అన్నయ్య గొప్పగా చెప్పేవాడు. ఎంత గొప్పగా అంటే, ఆ మాట విని ఇంద్రధనుస్సు సిగ్గుపడి, రంగులన్నీ సంచిలో సర్దుకుని వెళ్లిపోయేంత. పాఠక మహాశయులారా, అందరూ నమ్మారు. ఆ నమ్మకం అభిమానుల సభ రోజు దాకా బతికింది.

ఆ గ్రూపు ఉప్పురాణి అభిమానులది. ఉప్పురాణి ఒక యానిమేషన్ సీరియల్లో కథానాయిక. సముద్రపొడ్డున ఎండలో ఉప్పు తీసే నల్లని జాతి కూతురు. ఆ జాతిని గడప తొక్కనివ్వని కోటలోకి నేరుగా నడిచివెళ్లి, రాజు ముందు చేతులు చాచి, "ఈ చేతుల నలుపు కనబడుతోందా? నీ కంచంలో రుచి దీనిదే" అంటుంది. ఆ సన్నివేశం చూసి ఏడవని అభిమాని లేడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆమెను తెల్లగా గీసుకునేవాళ్లు.

అందరికన్నా బాగా గీసేది ఉడత. అది గ్రూపులో ఆమె పెట్టుకున్న పేరు. చామనచాయ పిల్ల, కాలేజీలో చదువుతోంది. వాళ్ల నాన్నది ఫొటో స్టూడియో. ఉడత బొమ్మలు గీసేది ఆ స్టూడియో కంప్యూటర్ మీదే. అక్కడో అలవాటు ఉంది. పాస్‌పోర్టు ఫొటోకి ఎవరొచ్చినా, అడిగినా అడగకపోయినా, ఆయన మౌస్ పట్టుకుని వెలుగు మీటను కాస్త కుడికి జరిపేవాడు. బొగ్గులమ్మే మనిషి వచ్చి కూర్చున్నా పాలమ్మే మనిషై బయటికి వెళ్లేవాడు.

"ఆయన అలా లేడు కదా నాన్నా?" అని ఉడత చిన్నప్పుడే అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు తీస్తే మళ్లీ వస్తారా తల్లీ?" అన్నాడాయన.

ఉడత మొదటి బొమ్మ సీరియల్లో ఉన్న రంగులోనే వేసింది. దాన్ని మెచ్చుకున్నది ఒకే ఒక్కడు, ఆమె చిన్నాన్న కొడుకు. అంటే నేనే. కాబట్టి ఈ కథలో నా మీద మచ్చ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మిగతావాళ్లు "బాగుంది కానీ డల్‌గా ఉందక్కా" అన్నారు. రెండో బొమ్మకి మీట కాస్త కుడికి జరిపింది. లైకులు కుండపోతగా కురిశాయి. మూడో బొమ్మకి ఇంకాస్త. ఏడాది తిరిగేసరికి, ఉప్పుమడిలో నిలబెడితే ఏది రాణో ఏది ఉప్పో పోల్చుకోలేని పరిస్థితి వచ్చింది. ఆ బొమ్మే గ్రూపుకి ముఖచిత్రమైంది. కొత్తగా చేరినవాళ్లు సీరియల్ని వదిలి, దాన్నే చూసి గీశారు.

అభిమానుల సభ వచ్చింది. వేదిక మీద ఉప్పురాణి వేషం కట్టి కోట సన్నివేశం చెయ్యాలి. అందరూ ఓట్లేసి ఉడతనే ఎన్నుకున్నారు. నేను తప్ప నేరుగా ఆమెను చూసినవాళ్లు గ్రూపులో లేరు. ఆమె పంపిన ఫొటో మాత్రం వాళ్ల నాన్న మౌస్ కింది నుంచే వెళ్లింది. రాజుతో రాణి అనే ఆ రెండు వాక్యాల కోసం ఉడత అద్దం ముందు ఎంత సాధన చేసిందంటే, చివరికి అద్దమే మాట అందించేది. నవ్వకండి. జీవితంలో మొదటిసారి తన చేతులు చాచి నలుగురికీ చూపించాలని ఆమెకు అనిపించింది.

హాలు గుమ్మంలో అడ్మిన్ అన్నయ్య ఆపాడు. "చెలికత్తెల వేషాలు ఆ పక్కనమ్మా."

"నేను ఉడతనన్నయ్యా."

అతను ఫోన్లో ఫొటో చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు.

"ఏమనుకోకు చెల్లీ. రంగూ గింగూ మాకు లేవు, నీకు తెలుసుగా. కానీ వచ్చినవాళ్లు రాణి రాణిలా ఉండాలంటారు."

"సీరియల్లో ఆమె నాలాగే ఉంటుంది కదా!"

"సీరియల్ సంగతి వదిలెయ్. మన రాణి ఇదిగో" అంటూ గోడ మీది బ్యానర్ చూపించాడు.

బ్యానర్ మూలన చిన్న ఉడత తోకెత్తుకుని కూర్చుంది. అది ఆమె సంతకం.

"పౌడర్ కొట్టి చూద్దామా అన్నా?" అంది లోపల్నుంచి ఒకమ్మాయి.

"అంత పౌడర్ ఏ కొట్లో దొరుకుతుందే!" అని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. వేషం సంచి పట్టుకుని వెనకే నిలబడ్డ నాన్న కూడా విన్నాడు.

వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆమె వేదికెక్కి, తెల్లటి చేతులు చాచి, "ఈ చేతుల నలుపు కనబడుతోందా?" అంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నలుపెక్కడుందని ఒక్కరూ అడగలేదు.

దారిలో నాన్న పళ్లు నూరాడు. "వాళ్లసలు మనుషులేనా?"

"బొమ్మ నేనే గీశాను. ఫొటో నువ్వే చేశావు" అంది ఉడత. "మనం పంపిందే వాళ్లు అడిగారు నాన్నా."

ఆయన వేషం సంచి భుజానికి మార్చుకుని నడిచాడు.

మర్నాడు స్టూడియోకి ఒక తల్లి బడిపిల్లను తీసుకొచ్చింది. నాన్న చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి వెళ్లి ఆగిపోయింది. ఫొటో ఉన్నది ఉన్నట్టే ఇచ్చాడు.

"ఇదేంటండీ, మా పిల్ల నల్లగా వచ్చింది?"

"పిల్ల అలాగే ఉందమ్మా."

"అయితే పక్క స్టూడియోలో తీయించుకుంటాం" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఉడత ఉప్పురాణిని అసలు రంగులో మళ్లీ గీసి గ్రూపులో పెట్టింది. "ఎవరీమె?" అన్నారు. "కొత్త విలనా?" అన్నారు. పాత్రతో పోలిక లేదంటూ అడ్మిన్ అన్నయ్య ముందు బొమ్మను తీసేశాడు. ఆమె ఎందుకని అడిగాక ఆమెనూ తీసేశాడు. ఉప్పురాణిని గడప తొక్కనివ్వని కోట ఆ గ్రూపే అయింది.

ఇదంతా రాసి, మెచ్చుకుంటుందని ఆశపడి, మొదట ఉడతక్కకే చదవమని ఇచ్చాను. చదివి ఒకచోట వేలు పెట్టింది.

"ఒరేయ్, ఈ చామనచాయ పిల్ల ఎవర్రా?"

"నువ్వేనక్కా."

ఆమె తన చెయ్యి ఆ కాగితం మీద పరిచింది. "సరిగ్గా చూసి చెప్పు."

"అదీ... చదివేవాళ్లకి నువ్వు నచ్చాలని..."

"మీట నువ్వు కూడా జరిపావన్నమాట" అంది. కోప్పడినా బాగుండేది.

ఇక నా దగ్గర హాస్యం మిగల్లేదు. ఒప్పుకుంటున్నాను. మా అక్క నల్లగా ఉంటుంది, ఉప్పురాణి అంత నల్లగా. మీకు నచ్చదేమోనని భయపడి నేనే దాచాను. ఒక మనిషి మనకు నచ్చాలంటే ముందు రంగు మారాలి అనుకున్నామంటే, అది అభిమానం కాదు. ఆ మనిషిని చెరిపెయ్యడం.