కందకంలో వంకర

పెళ్లయిన ఇన్నేళ్లలో అంతయ్య పెళ్లాంతో ఒక్క ముద్దుమాట అని ఎరగడు. ఆ మాటలన్నీ చెట్టుకే. పోలీసు యాక్షన్ అయిన రెండో ఏడు ఆసిఫాబాద్ అడవిలో సర్కారు చండ్ర చెట్ల తోట పెట్టించినప్పుడు, కొత్త కాపురానికొచ్చిన బాలవ్వ నాటిన మొదటి మొక్క అది. తోటకు కావలి అంతయ్యే. పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ చెట్టును అరచేత్తో తట్టి, "ఏం బాలవ్వా, మంచిగున్నవా?" అని పలకరించి ముందుకు పోతాడు. ఇంట్లో అసలు బాలవ్వకు దక్కేది మాత్రం "ఉప్పెక్కువైంది" అన్న మాటే.

అట్లాంటి తోటలో చావు మొదలైంది. ఒక చెట్టు కొసనుంచి ఎండుతూ వచ్చింది. తర్వాత దాని పక్కది. మొదళ్లలో వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్ర పుట్టగొడుగులు లేచాయి. అంతయ్య వాటిని గొడ్డలితో చెక్కి పారేసి, పీడ వదిలిందనుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఒకేచోట గుండ్రంగా పదకొండు చెట్లు మోడులయ్యాయి.

కబురందుకుని రేంజరు ఫజలుద్దీన్ వచ్చాడు. ఒక మోడు కింద తవ్వించి, వేరు బెరడు ఒలిచి చూపించాడు. లోపల పాలమీగడలా తెల్లటి పొర.

"గొడుగులు పైకి కనవడేటియే అంతయ్యా. అసలు బూజు గీ వేర్లల్ల ఉన్నది. వేరుకు వేరు తాకితే పక్క చెట్టుకు ఎక్కుతది. సుట్టూ కందకం తవ్వు. ఎండినయే కాదు, వాటి సుట్టున్న రెండు వరసల పచ్చని చెట్లు సుత లోపటికే రావాలె. అన్నీ నరికి, వేర్లతో సహా ఆడనే కాలవెట్టు. జర సుత దయ సూపియ్యకు, తోటంత పోతది."

ఆ రెండో వరసలోనే బాలవ్వ చెట్టు, నిండా ఆకుతో నిలబడి ఉంది.

నాలుగు రోజులు అంతయ్య ఒళ్లు దాచుకోకుండా తవ్వాడు. ఐదోనాడు ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి గడ్డపార లేవలేదు. కందకం అక్కడ లోపలికి వంగి, ఆ ఒక్క చెట్టునూ బయటికి వదిలేసి, మళ్లీ బుద్ధిగా దారిలో పడింది. ఒక్క చెట్టుతో ఏమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు, వెర్రిబాగులవాడు.

మర్నాడు కందకం వెంట నడుస్తూ వచ్చిన రేంజరు ఆ వంకర దగ్గర ఆగాడు.

"గిదేంది?"

"రాయి తగిలింది సాబ్. పెద్ద బండ. గడ్డపార దిగుతలే."

అంబలి ముంత దించుతున్న బాలవ్వ మొగుడి మొహం చూసి నవ్వింది. "బండ లేదు సాబ్. గాడ నేనున్న."

ఆమే గడ్డపార అందుకుని చెట్టు మొదట్లో మట్టి పెళ్లగించింది. బొటనవేలంత వేరు దొరికింది. గోటితో గీకింది. మీగడ!

అంతయ్య అక్కడే కూలబడ్డాడు. "నీ చేతితోని వెట్టిన చెట్టు. నేనెట్ల నరకాలె?"

"గిదొక్కటేనా నాది?" బాలవ్వ కొంగు తీసి నడినెత్తి చూపించింది. వెంట్రుకలు రాలి అక్కడ నున్నగా ఉంది. "వాగు నీళ్లు మోసి మోసి గిట్లయింది. గా నీళ్లు గీ ఒక్కదానికే పోసిన్నా? తోటంతకు పోసిన. ఒక్కదాని కోసం అన్నిటిని సంపుతవా?"

పద్నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉండి అతను ఆ నెత్తిని చూడలేదు. సిగ్గేసింది. లేచి గొడ్డలి అందుకున్నాడు. పొద్దుగూకేలోపు చెట్టు కూలింది, వేర్లు మంటల్లో పడ్డాయి, కందకం వంకర తీరింది.

ఆ గుండ్రం మళ్లీ పెరగలేదు. అయితే ఆ సంగతి తేలడానికి రెండు వానకాలాలు పట్టింది. మర్నాటి పొద్దున మాత్రం తోటకు బయల్దేరిన అంతయ్యకు వాకిట్లోనే గుర్తొచ్చింది, తట్టడానికి చెట్టు లేదని. వెనక్కి తిరిగాడు. పొయ్యి ఊదుతున్న ఆమె వెనక చేరి, ఆ నున్నటి నెత్తి మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"ఏం బాలవ్వా, మంచిగున్నవా?"

ఆమె బిత్తరపోయి తలెత్తింది.

"ఏమైందయ్యా, ఉప్పెక్కువైందా?"