సుద్దగీత

లారీ వెనక చక్రాలు కూడా కాటా పలక మీదికి ఎక్కగానే ఆనందయ్య గదిలోంచి బయటికి వచ్చాడు. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనేంతగా వంగి పలక కిందికి తొంగిచూశాడు. ఇనుప పలకకూ చుట్టూ ఉన్న సిమెంటు గట్టుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటుంది. ఆ సందులో చిన్న రాయి ఇరుక్కున్నా తూకం తప్పుతుంది. ఇరుక్కోకపోతే ఇరికించేవాళ్ళు ఉంటారు. సందు శుభ్రంగా ఉంది. లేచి లారీ చుట్టూ తిరిగాడు. నీళ్ళ డ్రమ్మును వేలితో తట్టి చూశాడు.

"దిగు ఇలియాసూ."

"దిగినా గదప్పా. నీ ఎదురుగానే నిలబడుకోనుండా."

"నువ్వు దిగినావు. సీటెనకాల ఎవరుండారు?"

"దుప్పటుండాది. దాన్ని గూడా దించమంటావా?"

ఆనందయ్య నవ్వలేదు. క్యాబిన్ మెట్టెక్కి దుప్పటి ఎత్తి చూశాడు. దుప్పటి కింద సీటే ఉంది. అప్పుడు గదిలోకి పోయి చీటీ కొట్టాడు.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ కాటాలో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళుగా పని చేస్తున్నాడు. శనగల లారీలు, పత్తి లారీలు, నాపరాళ్ళ లారీలు ఆయన కళ్ళ ముందు ఎక్కి దిగాయి. ఒక కాలు పలక మీద, ఒక కాలు గట్టు మీద పెట్టి నిలబడే క్లీనర్లను చూశాడు. ఖాళీ తూకానికి డ్రమ్ము నింపుకొచ్చి, నిండు తూకానికి పారబోసేవాళ్ళను చూశాడు. అలా చూసిచూసి ఆయన కన్ను ఒక రకంగా కుదిరిపోయింది. పాలవాడి చెంబులోకి చూస్తాడు, బస్సు టికెట్టు మీద తేదీ చూస్తాడు. ఆదివారం గుడిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన మాత్రం వాకిలి దగ్గర చివరి వరసలో కూర్చుని, ఒక కన్ను తెరిచి, బయట విడిచిన చెప్పులను చూస్తుంటాడు. పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ అడిగితే, "మీరు లోపలివి చూసుకోండి సార్, నేను బయటివి చూస్తా" అన్నాడు.

ఆ శనివారం ఆయన సగం రోజు సెలవు పెట్టాడు. సాయంత్రం దాకా కాటా చూడటానికి ఓనరు ఆదినారాయణ తన బామ్మర్దిని పంపాడు. ఆనందయ్య అతనికి తాళాలిచ్చి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి సొరుగు మూసి ఉందో లేదో లాగి చూసి, మళ్ళీ బయల్దేరాడు. భుజాన ఒక గుడ్డ సంచి ఉంది. అందులో ఒక సుద్దముక్క, రెండు ముళ్ళు వేసిన పురికొస, తువ్వాలు, కాటాలోని పది కేజీల తూకంరాయి ఉన్నాయి.

"ఆ రాయి యాడికప్పా?" అన్నాడు ఇలియాస్, ఆయనను క్యాబిన్‌లోకి ఎక్కించుకుంటూ.

"కుర్చీ కొనేదానికి."

సంగతి ఇలియాస్‌కు తెలుసు. పది నెలల కింద ఆనందయ్య భార్య విమల అంగన్‌వాడీ మెట్ల మీద జారిపడి ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేశారు. మోకాలు మడవకూడదు, కాలు చాచిపెట్టే ఉండాలి అన్నారు. ఎవరో పుణ్యాత్ములు ఒక చక్రాల కుర్చీ దానంగా ఇచ్చారు. కాలు పెట్టుకునే పలకను పైకెత్తి నిలపగలిగిన కుర్చీ అది. దానంగా వచ్చినదాన్ని పరీక్షించడం మర్యాద కాదని ఆనందయ్య చూడలేదు. ఆయన జీవితంలో చూడకుండా వదిలేసింది ఆ ఒక్కటే. మూడో రోజు విమలను గుడికి తోసుకుపోతుంటే లెగ్ రెస్ట్ బిగింపు జారి, కాలు టక్కున కిందికి పడింది. అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగింది. ఆ రోజు నుంచి ఆమె మంచం దిగలేదు.

పులివెందులలో నర్సుగా పనిచేసే కూతురు జాస్మిన్ ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ చెప్పింది. "నాయనా, అట్లాంటి కుర్చీనే తీసుకో. కాలు లేపి పెట్టేది గాకుండా మామూలుది తీసుకుంటే అమ్మ కూర్చోలేదు." సరేనన్నాడు గానీ, ఫోన్ పెట్టేశాక, ఆ మాట కూతురిదా, ఆ ఆసుపత్రిలో ఎవరైనా చెప్పించారా అని కాసేపు ఆలోచించాడు.

ప్రొద్దుటూరులో మిల్లు దగ్గర లోడు దించేలోపు ఇద్దరూ బండి హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. రెండో బజ్జీ దగ్గరే ఆనందయ్యకు రొమ్ములో మంట మొదలైంది. బాండలిలోని నూనె వైపు చూశాడు. నల్లగా ఉంది.

"ఎన్నిసార్లు కాచినాడో" అన్నాడు.

కుర్చీల అంగడి కమాల్ బాషాది. నలభై ఏళ్ళ మనిషి, గడ్డం చక్కగా కత్తిరించుకున్నాడు. "కాలు లేపేవి రెండు రకాలుండాయి మామా" అంటూ రెంటినీ బయటికి లాగాడు. ఒకదానికి మరచుట్టు తిప్పి బిగించే లెగ్ రెస్ట్. రెండోదానికి కీలు దగ్గర పళ్ళచక్రం ఉంది. పలకను ఎత్తుతుంటే టిక్, టిక్ అంటూ ఒక్కో పంటి దగ్గర నిలుస్తుంది. దించాలంటే పక్కన చిన్న మీట నొక్కాలి.

ఆనందయ్య మొదటి కుర్చీ లెగ్ రెస్టును నేలకు సమానంగా ఎత్తి, మర బిగించాడు. సుద్దముక్క తీసి, కదలని కమ్మీ మీది నుంచి కదిలే కమ్మీ మీదికి కీలుకు అడ్డంగా ఒక గీత గీశాడు. పిక్క ఆనే మెత్త మీద పది కేజీల రాయి పెట్టి తువ్వాలుతో కట్టాడు. ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏంది మామా ఇది?"

"నీ కుర్చీ నిలబడతాదో లేదో చూస్తాండా."

"మా నాయన నాకు పిల్లను చూసేటప్పుడు గూడా ఇంత చూడలేదు."

"అది మీ అత్తగారోళ్ళ అదృష్టం."

కమాల్ బాషా గట్టిగా నవ్వాడు. పది నిమిషాలకు ఆనందయ్య వంగి చూశాడు. గీత తెగింది. పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య నువ్వుగింజ పట్టేంత తేడా వచ్చింది. కమాల్ బాషా కూడా వంగి చూశాడు. ఈసారి నవ్వలేదు. ఆ కుర్చీని తనే పక్కకు తోసేశాడు.

రెండోదాన్ని అరగంట చూశారు. ఎవరో వచ్చి చేతికర్రలు కొనుక్కుపోయారు. గీత ఎట్లా గీశాడో అట్లాగే ఉంది. పురికొసలోని రెండు ముళ్ళ మధ్య దూరం విమల మడమ నుంచి మోకాలి వెనక గుంట దాకా. కమాల్ బాషా దాన్ని పట్టి చూసి, పాదం పలక మరలు విప్పి ఆ పొడవుకు సరిచేశాడు.

"ఇది బయట పెట్టింది మామా, దుమ్ము కొట్టుకోనుండాది. గోడౌన్లో సీలు తియ్యనిదుండాది, తెప్పిస్తా."

"సీలు లోపల ఏముండాదో నాకెట్ల తెలుస్తాది?"

"ఇదే కుర్చీ ఉంటాది."

"ఇదే అయితే ఇదే ఇయ్యి."

తిరుగు ప్రయాణంలో కుర్చీ ఖాళీ లారీలో గోనెపట్టాల మీద కూర్చుంది. ఆనందయ్య రెండుసార్లు వెనక అద్దంలోంచి అది ఉందో లేదో చూశాడు. ఎడమ భుజం లాగుతోంది. రాయి మోసింది ఆ భుజమే గదా అనుకున్నాడు.

"పదైదేండ్లుగా నా బండి కింద దూరి చూస్తాండావు గదప్పా" అన్నాడు ఇలియాస్. "ఒక్కసారన్నా దొరికినానా?"

"దొరకలేదు."

"మరి?"

"అందుకే చూస్తాండా."

ఇలియాస్ స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుని నవ్వాడు. నవ్వుతూ పక్కకు చూసి ఆగిపోయాడు. "ఏందప్పా, మొగమంతా చెమట. డాక్టరు కాడ ఆపుదునా?"

"డాక్టరు నాలుగు పరీక్షలు రాస్తాడు. వాళ్ళకు వాళ్ళకు లెక్కలుంటాయి. నూనె పడలేదులే, పోనీ."

గుడి వెనక వీధిలో ఆయన ఇల్లు. ముందు వసారా, లోపల ఒక గది, గదిలో మంచం. ఇలియాస్ కుర్చీ దించి, ఇంకో లోడు ఉందని వెళ్ళిపోయాడు. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్న విమల గుమ్మంలోంచి కుర్చీని చూసి తల దువ్వుకోవడం ఆపేసింది. మధ్యాహ్నం అన్నం పెట్టిపోయిన పక్కింటి జీవిత చేత ఆమె రేపటి ఆరాధనకని ఉదయమే తెల్ల చీర ఇస్త్రీ చేయించుకుంది. అది గోడకు మేకు మీద వేలాడుతోంది.

"నన్ను ఎక్కించయ్యా. వాకిట్లో కూర్చుంటా."

"ఉండు."

"ఇంకా ఏముండాది ఉండేదానికి? అంగడాయప్పను సతాయించింది సాల్లేదా?"

"ఆడ పెట్టింది ఇనుము. ఇనుము కదల్దు. మనిషి దగ్గుతాడు, తుమ్ముతాడు, ఒక పక్కకి ఒరుగుతాడు. నేను కూర్చోని చూస్తా. ఒక్క గంట."

"నీకు దేవుని మీదన్నా నమ్మకముండాదా?"

"ఈ కుర్చీ దేవుడు చెయ్యలేదు గదా."

విమల దువ్వెన నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పది నెలల్లో ఆమె అలా నవ్వడం ఆయన చూడలేదు. కానీ మళ్ళీ ఆయన ముఖం చూసి నవ్వు తగ్గించుకుంది. ఆయన భయం ఆమెకు తెలుసు. ఆ రోజు గుడి దారిలో కాలు పడినప్పుడు ఆమె అరిచిన అరుపును ఆయన ఇంకా మోస్తున్నాడు. ఇంకోసారి ఆ ఎముక విరిగితే కాలు మీద ఆశ వదులుకోవాల్సిందే అని డాక్టరు చెప్పాడు.

ఆయన కుర్చీని వసారాలో, ఆమెకు కనబడేలా గుమ్మానికి ఎదురుగా పెట్టాడు. ఎడమ లెగ్ రెస్టును టిక్ టిక్‌మని ఎత్తాడు. పాత గీతను తుడిచి కొత్తగా గీశాడు. కూర్చుని, కాలు చాచి పెట్టుకున్నాడు.

"మూడున్నరైంది. నాలుగున్నరకు పిలువు. అంతవరకు పలకరించాకు. మాట్లాడితే కదుల్తా."

"సరేలే తూకం సారూ."

కాసేపు ఆయన కీలు వైపే చూశాడు. అప్పుడు ఒక సంగతి గమనించాడు. తన రెండు చేతులూ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఒంటి బరువు సగం చేతులే మోస్తున్నాయి. గట్టు మీద కాలు పెట్టి నిలబడే క్లీనరు గుర్తొచ్చాడు. తన కాటాలో తనే మోసం చేస్తున్నట్టు సిగ్గేసింది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీపు వెనక్కి వాల్చాడు. ఇప్పుడు పూర్తి తూకం.

కుర్చీ మోసింది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నిలబడి, వంగి, మోకాళ్ళ మీద కూర్చున్న కాలు అది. ఎత్తుగా పెట్టుకుంటే ఇంత సుఖంగా ఉంటుందని ఆయనకు తెలియదు. రొమ్ములో మంట ఒక్కసారి బిగుసుకుని, మెల్లగా పక్కకు జరిగింది. నూనె అరిగింది అనుకున్నాడు. గుడిలో సాయంత్రం పాటల సాధన మొదలైంది. బయట చెప్పులు ఎవరు చూస్తున్నారో అనుకుంటూ రెండు కళ్ళూ మూసుకున్నాడు.

విమల గడియారం చూస్తూ కూర్చుంది. ఆయన తల ఒక పక్కకు వాలడం చూసింది. పలకరించవద్దన్నాడు గనక పలకరించలేదు. నిద్రపోయినట్టున్నాడు, పోనీలే అనుకుంది. సరిగ్గా నాలుగున్నరకు పిలిచింది.

"ఏమయ్యా, అయింది."

ఇంకోసారి పిలిచింది. మంచానికీ గుమ్మానికీ మధ్య ఆరడుగులు. ఆమె ఆ ఆరడుగుల వైపు చూసి, మూడోసారి ఆయనను కాకుండా జీవితను పిలిచింది.

ఇలియాస్ చీకటి పడకముందే వచ్చాడు. క్యాబిన్‌లో మరిచిపోయిన తూకంరాయి తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి, రాయిని చప్పుడు కాకుండా గడప పక్కన పెట్టాడు. ఆనందయ్యను కుర్చీలోంచి ఎత్తి చాప మీద పడుకోబెట్టినవాళ్ళలో అతనూ ఒకడు. జాస్మిన్ పులివెందులలో బస్సెక్కింది. ఆరాధన అయ్యాక రేపే మట్టి ఇద్దామని పాస్టరుగారు అన్నారు.

ఏడ్చి ఏడ్చి విమల గొంతు పోయింది. ఆ గొంతుతోనే ఇలియాస్‌ను దగ్గరికి పిలిచింది.

"గీత చూడప్పా. కదిలినాదా?"

ఇలియాస్ చెప్పులు విడిచాడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనేంతగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కదల్లేదక్కా. ఎంటికంత గూడా కదల్లేదు."

"అయితే రేపు నన్ను దీంట్లోనే తీసకపోండి" అంది విమల.

మీట ఎక్కడుందో తెలియక లెగ్ రెస్టును ఎవరూ దించలేదు. వసారాలో ఖాళీ కుర్చీ ఒక కాలు చాచుకుని ఉంది. దాని కీలు మీద, రెండు కమ్మీలను కలుపుతూ, తెల్లటి సుద్దగీత ఎక్కడా తెగకుండా ఉంది.