మంద కాడి నిద్ర

పద్దెనిమిదేళ్లుగా గుండెలు, ఊపిరితిత్తులు మారుస్తున్నాను. నాకు కోపం ఎక్కువని హైదరాబాద్‌లో మా నర్సులందరికీ తెలుసు. మిర్యాలగూడలో నెలకోసారి రోగులను చూసే క్లినిక్‌లో మల్లన్న మీద కూడా అలాగే విరుచుకుపడ్డాను.

మల్లన్నది పాలకీడు, గొర్రెలు కాసే మనిషి. సూర్యాపేట బైపాస్ మీద ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయిన ఒక టీచరమ్మ ఊపిరితిత్తులు నాలుగు నెలల కింద ఆయనకు పెట్టాను. ఇప్పుడు వాటికి బూజు పట్టింది. పెంటలో, పాత గడ్డిలో ఉండే బూజు అది. కొత్త అవయవం నిలవాలని మేమే మందులిచ్చి ఒంటి బలం తగ్గించిన మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంట్లో జంతువులు ఉండొద్దని కాగితం ఇచ్చాను కదా, చదివి చావలేదా అని అరిచాను. ఆయన భార్య వీరమ్మ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి నా ముందు పెట్టింది. మడత కూడా నలగలేదు.

"ఇంట్ల ఒక్క గొర్రెపిల్ల గూడ లేదు సారూ. మీరు వద్దన్నరని జీవాలన్నిటిని పొలాలల్లకే తోలినం. ఈయన గూడ గాడనే, మంద కాడనే పండుకుంటుండు."

కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకుంటారు. కాపరి ఆ మందలోనే పడుకుంటాడు. ఇది నాకొకరు చెప్పక్కర్లేదు. నిడమనూరులో మా నాయన పక్కన, ఆయన గొంగట్లో పడుకుని పెరిగినవాణ్ణి. గొర్రెల వాసన వస్తోందని కాలేజీ హాస్టల్‌లో తోటివాళ్లు నవ్విన రోజు నుంచి ఊరి పేరు మింగేశాను. ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి రోజు మల్లన్న, సారుది ఏ ఊరని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. ఆయన ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు.

క్లినిక్ నుంచి అప్పటికప్పుడే ఆయన్ను నా వెంట హైదరాబాద్ తీసుకెళ్లాను. తొమ్మిది రోజులు మందులెక్కించినా బూజు తగ్గలేదు. పదో రోజుకు, శ్వాస కోసం గొంతులో గొట్టం వేయక తప్పని పరిస్థితి వచ్చింది. వేశాక ఇక మాట్లాడలేడని, దానికి ముందే సిగ్గుతో చచ్చిపోతూ మంచం పక్కన కూర్చున్నాను.

"మాది నిడమనూరు మల్లన్నా. మా నాయనకు నూటిరవై జీవాలుండె."

ఆక్సిజన్ మాస్కు వెనక నుంచి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"గా దినమే సెప్తే, మంద కాడ పండుకోవచ్చా అని అడుగుదును గద సారూ."

గొట్టం నేనే వేశాను. వారం తిరక్కుండానే వీరమ్మ ఆయన శవాన్ని పాలకీడు తీసుకుపోయింది.