మెంతులు కలిపిన పైకప్పు

విమలకుమారి బొటనవేలు నీళ్లలో ముంచి పైకప్పు అంచును మరోసారి సాపు చేసింది. నిన్న సాయంత్రం మెత్తిన కప్పు అది. మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉంటుంది. పైన రాయిలా బిగిసింది గానీ అడుగున ఇంకా తడి ఉంది. కిటికీలోంచి మార్చి నెల ఎండ నీరసంగా పడుతోంది. ఈ దేశపు ఎండకి ఒక వడియం కూడా ఎండదు, కప్పు ఏం ఎండుతుంది అనుకుంది.

అది ఇంటికప్పు కాదు. యుద్ధం రోజుల్లో జర్మనీవాళ్లు హాలండ్ తీరంలో టార్పెడో పడవలు దాచుకోవడానికి కట్టిన బంకర్‌కి నమూనా. చిన్న పడవలే, కానీ మహా వేగం. చీకట్లో వెళ్లి ఓడల్ని కొట్టి, తెల్లారేసరికి ఆ కాంక్రీటు గూట్లో దూరేవట. అసలు కప్పు పదడుగుల మందమని, ఆమె చూసుకునే ముసలాయన స్టాన్లీ గారు చేతులు బారచాపి చూపించేవారు. అట్టలతో గోడలు, ఐస్‌క్రీం పుల్లలతో పడవలు ఆయనే చేశారు. జిగురు పూసిన అట్టకప్పు మాత్రం మూడుసార్లు చేసినా వంగిపోయింది. మూడోసారి ఆయన మొహం చూడలేక, "నేను చేస్తా సార్" అంది విమలకుమారి. కాగితాలూ మెంతులూ రెండురోజులు నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జు చేటలకి మెత్తడం వాళ్లమ్మ నేర్పిన పని. ఎండితే కర్రతో కొట్టినా పగలదు, పురుగు పట్టదు.

ఆ ఏడు, రెండువేల పదిలో, స్టాన్లీ గారికి ఎనభై ఆరేళ్లు. అమెరికాలో న్యూజెర్సీ పక్క బేయోన్‌లో పుట్టి బేయోన్‌లోనే ముసలివాడైన మనిషి. వాళ్ల నాన్న ఆ ఊళ్లోని కంపెనీలో అమెరికా నేవీకి అలాంటి వేగం పడవలే చేసేవాడు. కొడుకు స్టాన్లీ గారేమో ఆ యుద్ధంలో విమానమెక్కి, జర్మనీవాళ్ల పడవలున్న ఈ బంకర్ మీద బాంబులు వేసొచ్చారు. వేసినా ఆ కప్పు పెచ్చులూడిందే తప్ప చిల్లు పడలేదు. పక్కన ఎగురుతున్న విమానం మాత్రం కూలిపోయింది. అందులో ఆరుగురు. ఎంత గట్టి కప్పు కోసం వాళ్లు పోయారో చేతులతో పట్టుకుని చూడాలని ఈ నమూనా మొదలుపెట్టారు.

మూడేళ్లుగా విమలకుమారి, ఇళ్లకి ఆయాల్ని పంపే ఒక ఏజెన్సీ తరఫున, జెర్సీ సిటీలో లైట్ రైల్ ఎక్కి ఎనిమిదింటికల్లా ఇక్కడికి వస్తుంది. స్నానం చేయించడం, బీపీ చూడడం, మాత్రలివ్వడం, ఓట్స్ ఉడికించడం. అంతకుముందు ఇరవై ఆరేళ్లు మన దేశంలో మిషన్ ఆసుపత్రిలో ఆయా. చదువు ఐదో తరగతి. మాత్రల సీసా మీద అచ్చక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ చేత్తో రాసిన గొలుసుకట్టు ఇంగ్లీషు ఆమెకి చీమలబారే.

పదిగంటలకి స్టాన్లీ గారు పేపర్ల బుట్ట వెతకడం మొదలుపెట్టారు.

"విమ్మీ, నా లిస్ట్ చూశావా?"

ఆ రోజు శుక్రవారం. కేథలిక్ కాబట్టి శుక్రవారాలు ఆయన మాంసం తినరు, చేపే. చేపముక్క ముందు పెట్టుకుని, ఒక పాత కాగితం విప్పి, ఆరుగురి పేర్లూ పైకి చదివి, అప్పుడు ఫోర్క్ పట్టుకుంటారు. ఈమధ్య ఒక్కో పేరూ జారిపోతోంది. కాగితం ఉంది కదా అని ధైర్యంగా ఉండేవారు. పోయిన వారం చదివాక పేపర్ మడతలో పెట్టినట్టు గుర్తట. పాత పే స్లిప్ వెనక పెన్సిల్‌తో రాసినది, అంచున ఆకుపచ్చ గీత ఉంటుంది అన్నారు.

విమలకుమారికి గుర్తొచ్చింది. సోమవారం బుట్టలోని పాత పేపర్లన్నీ చింపి బకెట్‌లో వేసింది తనే. మందంగా, పసుప్పచ్చగా ఉన్న ముక్క ఒకటి కనిపిస్తే పాతకాగితం బాగా నానుతుందిలే అని సంతోషించింది కూడా. వంటింట్లోకి వెళ్లేదానిలా వెళ్లి, కిటికీ దగ్గర కప్పును కొంచెం ఎత్తి అడుగుకేసి చూసింది. బూడిదరంగు గుజ్జులో వేలిగోరంత పచ్చ గీత.

బాత్రూమ్‌లో తలుపేసుకుని కూతురు ఎలీనాకి ఫోన్ చేసింది.

"మమ్మీ, ఏం చెప్పకు. కిందటేడు ఉంగరం కనపడలేదని ఏజెన్సీవాళ్లు ఒకావిణ్ణి తీసేశారు కదా? నీ జాబ్ పోతుంది. ఆయన ఎలాగూ మర్చిపోతాడులే."

"మర్చిపోతాడనే కదే నా భయం" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మాత్రలు రెండుసార్లు తీసి రెండుసార్లు డబ్బాలో వేసింది. చేప ఒకవైపు మాడింది. హాల్లో ఆయన సొరుగులన్నీ కిందకి దింపి, మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నారు. ఆ మోకాళ్లు ఒంగితే లేవడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెడితే, ఆయన వేళ్లు మడుస్తూ గొణిగారు. మీడ్. పెర్రోన్. నోవాక్. నాలుగో వేలు దగ్గర ఆగిపోయారు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే.

"నేను పోయాక వాళ్లని తలిచేవాళ్లు లేరు, విమ్మీ. నేనుండగానే పోతున్నారు" అన్నారు.

పేరు పోవడం ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. డెబ్బై ఏడు ఉప్పెనలో దివిసీమలో వాళ్లమ్మ మార్తమ్మ, తమ్ముడు ఏసుదాసు, చెల్లెలు సలోమి కొట్టుకుపోయారు. తను చర్చి స్లాబు మీద బతికింది. ఆ ముగ్గురికీ సమాధి లేదు, పలక లేదు. రోజూ పొద్దున ప్రార్థనలో ముగ్గురి పేర్లూ పలకడమే వాళ్లకి సమాధి.

ఆమె ప్లేటు బల్లమీద పెట్టి, ఆయన ఎదురుగా నిలబడి, వచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో చెప్పేసింది. "తప్పు నాదే సార్. మీ కాగితం నేను రుబ్బేశాను. అది కప్పులో ఉంది."

ఆయన ఫోన్ వైపు చూశారు. ఫోన్ తీసి ఏజెన్సీకి చేస్తారనే అనుకుంది. ఆ భయంతోనే, ఆగితే నోరు రాదని, సండే స్కూల్లో వాక్యం ఒప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"మీడ్. పెర్రోన్. నోవాక్. బేర్డ్. రీస్. ఒట్టు."

"ఒట్" అని ఆయన దిద్దారు. దిద్దాక గానీ ఆయనకే తెలియలేదు, ఆరో పేరు దొరికిందని. "నీకెలా తెలుసు?"

మూడేళ్ల శుక్రవారాలు విన్నానని చెప్పింది. విన్న పేర్లు ఊరికే వదలడం చేతకాక రోజూ తన ముగ్గురి తర్వాత ఈ ఆరుగురినీ ప్రార్థనలో తలుస్తానని చెప్పింది.

కప్పు తెమ్మన్నారు. రెండు చేతులతో అందుకుని తిరగేసి, పచ్చ గీత మీద వేలు పెట్టి, ముక్కు దగ్గరికి తీసుకుని ఇదేం వాసన అన్నారు. మెంతులంది. నెమ్మదిగా భుజాలు ఊగాయి. నవ్వుతున్నారని ఆమెకి కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"మేం అన్ని బాంబులు వేసినా దాంట్లోకి ఏదీ దూరలేదు. నువ్వు ఆరుగుర్ని దూర్చావు."

మాడినవైపు వదిలేసి చేప తిన్నారు. పుల్లల పడవలు వరసగా గూట్లో పెట్టి, పైన కప్పు ఉంచి, టార్చిలైట్ వేసి లోపలికి చూస్తూ మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. ఆమె చెప్పింది. నోవాక్ దగ్గర ఆయన కళ్లు మూసుకున్నారు.

విమలకుమారి గిన్నెలు కడిగి, టీ పెట్టి తెచ్చేసరికి టార్చి ఆయన ఒళ్లోకి జారి వెలుగుతోంది. ఆయన పెదవులు కొంచెం విచ్చుకుని ఉన్నాయి, నోట్లో ఇంకో పేరు ఉన్నట్టు. ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు చేసిన మనిషి కాబట్టి మణికట్టు పట్టుకోకముందే తెలిసింది. అయినా పట్టుకుంది. తర్వాత ఫోన్లు చేసింది. అంబులెన్స్, ఏజెన్సీ, పెన్సిల్వేనియాలో ఆయన కూతురు.

వాళ్లొచ్చేదాకా పక్కనే కూర్చుని పేర్లు చెప్పుకుంది. ఆయన పేరు తన ముగ్గురి పక్కన చేర్చాలో, ఆ ఆరుగురి పక్కన చేర్చాలో తేల్చుకోలేకపోయింది.

అందరూ వెళ్లాక కోటు వేసుకుని, తాళాలు బల్లమీద పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చింది. బంకర్ మీంచి కప్పు తీసి, కిటికీ గట్టు మీద వెల్లకిలా పెట్టింది. అడుగు ఇంకా తడిగానే ఉంది. సాయంత్రపు వెలుగులో ఆ బూడిదరంగు మధ్య పచ్చ గీత వేలిగోరంత, మెంతుల వాసనతో ఆరుతోంది.