ఫారాలావిడ దాచిన గాజు గొట్టం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా అక్కను అడిగితే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. పంతొమ్మిదేళ్ల కిందట ఒకావిడను ఫోన్లో నోటికొచ్చినట్టు దులిపేశాను. ఇవాళ ఆవిడ కనిపిస్తే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. అదెందుకో చెబుతాను.

మేమిద్దరం బట్టలకు రంగులద్దే కార్ఖానాలో పనిచేస్తాం. అక్క రంగు తొట్ల దగ్గర, నేను వెనకవైపు చిన్న ల్యాబులో. రంగులద్దగా మిగిలిన నీళ్లు తిన్నగా కాలవలోకి వదలకూడదు. పెరట్లో ఒక సిమెంటు ట్యాంకు ఉంది. అందులో రెండు రోజులు నిలవుంచితే ఒక బాక్టీరియా ఆ రంగును తినేసి నీళ్లను తేట చేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తూము కింది బురదలో దాన్ని పట్టుకున్నది నేనే. బుజ్జి అని పేరు పెట్టుకున్నాను. ల్యాబులో కొంత విడిగా ఉంచి, వారం వారం కొత్త గొట్టంలోకి మార్చి, తిండి పెట్టి పెంచుతున్నాను. కన్నపిల్లకైనా ఇంత సేవ చేయవని అక్క ఎకసెక్కాలాడుతుంది.

ఈ ఏడాది ట్యాంకు పగుళ్లిచ్చింది. ఖాళీ చేసి, రుద్ది కడిగించి, బాగుచేయించారు. మళ్లీ నింపాక ల్యాబులోని బుజ్జిని తెచ్చి పోశాను. రెండు రోజులు చూశాను, వారం చూశాను. నీళ్లు నీలంగానే ఉన్నాయి. ట్యాంకు పొర్లి కాలవ కూడా నీలమైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి కాలవ చూసి, మూడు వారాల్లో నీళ్లు తేటపడకపోతే గేటుకు తాళం వేస్తానని కాగితం ఇచ్చి వెళ్లాడు.

“నీ బుజ్జి అలిగిందటే?” అంది అక్క.

“నన్ను కదిలించకు.”

“కదిలించడం లేదు. ఈ గోళ్లు చూడు. ముప్పై ఏళ్ల నీలం ఇది, ఎంత రుద్దినా పోదు. ఇవి చూశాక నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?”

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నిజం. అక్కలాంటి వాళ్లు అక్కడ నలభై మంది ఉన్నారు, ఎవరికీ వేరే పని రాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఫారాలావిడ. బుజ్జి దొరికిన ఏడాది నేను దాని గురించి ఒక సైన్సు పత్రికకు వ్యాసం పంపాను. ముందు ఆ బాక్టీరియాను సూక్ష్మజీవుల నిల్వ కేంద్రంలో దాచమన్నారు వాళ్లు. ఎవరైనా తీసుకుని పరీక్ష చేసుకునే వీలు ఉంటేనే అచ్చు వేస్తామన్నారు. సరేనని ఒక గొట్టంలో పంపితే, అక్కడి ఆవిడ నా ఫారాన్ని మూడుసార్లు తిప్పి పంపింది. మూడోసారి ఫోన్ చేశాను.

“‘తప్పనిసరి జాగ్రత్తలు’ అన్న గడి ఖాళీగా ఉందండీ,” అంది.

“ఇంకేం రాయను? దాని జాతకమా?”

“జాతకమే అనుకోండి. రేపు మీరూ నేనూ లేకపోయినా, పెంచేవాళ్లకి తెలియాలి కదా.”

పనీపాటా లేదా అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, “రాసి పంపండి,” అని పెట్టేసింది. కోపంతోనే ఏదో రాసి పోస్టులో పడేశాను. ఏం రాశానో మర్నాటికే మరచిపోయాను.

ఇన్‌స్పెక్టరు వెళ్లిన మర్నాడు రెండు బస్సులు మారి ఆ నిల్వ కేంద్రానికి వెళ్లాను. గది చల్లగా, స్పిరిట్ వాసనతో ఉంది. గోడ పొడవునా ఇనుప సొరుగులు. మెడలో తాడుకు కళ్లజోడు వేలాడదీసుకుని ఆవిడే కూర్చుని ఉంది. బుజ్జిని దాచినప్పుడు ఇచ్చిన నెంబరు చెప్పగానే తలెత్తింది.

“జాతకం అన్నది మీరే కదూ?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడేమో మామూలుగా సొరుగు లాగింది. చిటికెన వేలంత గాజు గొట్టాలు, రెండు కొసలూ కరిగించి మూసినవి, వరసగా ఉన్నాయి. పై వరసలోవి మందుల కంపెనీలు తమ మందు క్రిమిని చంపుతోందో లేదో చూసుకోవడానికి తీసుకెళ్తాయట. పక్కవి రొట్టెల పిండి పొంగించేవి. ఆ మూలది పదకొండేళ్లు ఎవరికీ పట్టలేదు, కిందటి నెల ఒక కాలేజీ పిల్ల పరిశోధన కోసం వెతుక్కుంటూ వచ్చిందట.

“మాదాన్ని ఎవరైనా అడిగారా?”

“ఒక్కరు కూడా అడగలేదు.”

కానీ దాని కార్డు మీద మూడు వరుసలు ఉన్నాయి. అయిదేళ్లకోసారి, బుజ్జిని నింపి దాచిన గొట్టాల్లో ఒకటి పగలగొట్టి, పెంచి, రంగు నీళ్లలో వేసి చూసి, తేదీతో సహా రాసింది: ‘బతికే ఉంది. రంగు తీసింది.’ మూడుసార్లూ అవే మాటలు, అదే చేతిరాత. ఎవరూ అడగని దానికి, తిట్టిన మనిషి ఇచ్చిన దానికి, పంతొమ్మిదేళ్లు కాపలా కాసింది. నా కళ్లు చెమర్చాయి.

గొట్టంతో పాటు నా పాత ఫారం జిరాక్సు కూడా ఇచ్చింది. “ముందు ఇది చదవండి.”

చివరి గడిలో కాగితం చిరిగేంత ఒత్తి రాసిన నా అక్షరాలు: ‘రంగు కలపని తిండి పెట్టకూడదు. పెడితే కొన్నాళ్లకు రంగు తినడం మానేస్తుంది.’

నేను చేసింది సరిగ్గా అదే. రంగు కలిపితే నెమ్మదిగా పెరుగుతోందని, గొట్టాలకు మరకలవుతున్నాయని, ఏళ్ల తరబడి రంగు లేకుండా కమ్మని తిండి పెట్టాను. ట్యాంకులోది రోజూ రంగు మీదే బతికింది కనుక పని మరవలేదు. దాన్నేమో కడిగి పారబోశాం. ల్యాబులోది బలిసింది, పని మరచింది. ఇదంతా ఆవిడకు చెప్పేశాను.

“గారాబం చేసేవాళ్లందరూ చేసే తప్పేనండీ ఇది. మేము తడి ఆర్చేసి నిద్రపుచ్చుతాం. నిద్రలో ఏదీ మరచిపోదు,” అంది.

ఈసారి మొదటి చుక్క నుంచీ రంగు కలిపి పెంచాను. అయిదో రోజుకి సీసాలోని నీలం విరిగింది. పదో రోజుకి డ్రమ్ములు నిండాయి. వాటిని ట్యాంకులో పోశాక అక్క రోజూ పొద్దున్నే వెళ్లి తొంగిచూసేది. పదిహేడో రోజున నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ట్యాంకు అడుగున ఉన్న మెట్టు కనిపిస్తోంది. గడువు రోజున ఇన్‌స్పెక్టరు వచ్చి, గ్లాసులో నీళ్లు ముంచి, తెల్లకాగితం ముందు పెట్టి చూసి, తన కాగితం తాను వెనక్కి తీసుకున్నాడు.

గొట్టంతో పాటు ఇంకో ఫారం కూడా ఇచ్చింది ఆవిడ. ‘దేనికి ఉపయోగపడింది?’ అని చివర ఒక గడి. ‘నలభై మంది ఉద్యోగాలు నిలిచాయి’ అని రాస్తుంటే అక్క తల దూర్చింది.

“నలభై అంటే ఆవిడకేం తెలుస్తుందే. నా గోళ్ల సంగతి రాయి.”

రాశాను: ‘మా అక్క గోళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. కాలవ తేటగా ఉంది.’

వారానికి ఆ ఫారం తిరిగొచ్చింది. సంతకం మరచానట, పెన్సిలుతో సున్నా చుట్టి పంపింది. నాకు కోపం రాలేదు. సంతకం చేసి, పోస్టులో వేయకుండా, అక్కను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లాను. ఫారం ఆవిడ చేతికిచ్చి రెండు చేతులూ జోడించాను.

ఫారాలావిడ కళ్లజోడు పెట్టుకుని ఫారం అంతా చదివింది. తర్వాత అక్క చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క గోరూ చూసింది. సొరుగులోంచి బుజ్జి కార్డు తీసి, ఆ మూడు వరుసల కింద నాలుగోది రాసింది: ‘అడిగారు. అక్కరకు వచ్చింది.’