ఆర్వో బిగించిన చక్రం

నాలుగో బోల్టు టక్కుమంది. ఆర్వో మోకాళ్ల మీదే కొంచెం జరిగి, సరిపడా బిగిస్తే టక్కుమనే రెంచిని ఐదోదానికి తగిలించాడు. భుజం వంచి, ఒంటి బరువంతా చేతిలోకి తెచ్చుకుని నెమ్మదిగా లాగాడు. టక్కు. ‘ఉంది’ అనుకున్నాడు పెదాలు కదపకుండా. బోల్టు బోల్టుకీ అలా అనుకోవడం అతనికి అలవాటు. గాలి గన్నుతో బుర్రుమనిపించి లేచిపోయేవాళ్లకి ఆ మాటతో పని లేదు. బిగిసిందో లేదో గన్నుకీ తెలియదు, పట్టుకున్నవాడికీ తెలియదు.

బయట రాత్రి కురిసిన మొదటి మంచు రోడ్డుకి గాజులా అతుక్కుపోయింది. నిన్నటిదాకా ‘ఇంకా టైముందిలే’ అన్నవాళ్లంతా తెల్లారేసరికి టైర్ల షాపు ముందు వరస కట్టారు. డిక్కీల్లో మంచుకాలానికి మార్చుకోవాల్సిన టైర్లు, వెనకసీట్లో టైర్లు, ఒకడైతే పక్కసీట్లో టైరుకి బెల్టు కూడా పెట్టి కూర్చోబెట్టాడు. ఏటా ఇదే తంతు. ఫిన్లాండు ఉత్తరాన పుట్టినవాడికి మంచు పడుతుందని తెలియదా? తెలుసు. తెలిసిన సంగతికి సిద్ధపడడం మనిషి జాతకంలో రాసిలేదు, అంతే.

ఆర్వో పొట్టి మనిషి. మెడ దుంగలా ఉంటుంది. కుడిభుజం ఎడమదానికంటే వేలెడు కిందికి దిగిపోయింది. గోళ్ల చుట్టూ ఉన్న నలుపు క్రిస్మసు ముందు సౌనా ఆవిరిగదిలో ఎంత తోమినా పోదు. ఆర్వో అంటే విలువ అని అర్థం. తల్లి ఏ ఆశతో ఆ పేరు పెట్టిందో! మీసాలు రాకముందే బడి మానేసి, ఇప్పటి యజమాని తండ్రి కాలంలో ఈ షాపులో చేరాడు. పెళ్లాం స్వీడన్ వెళ్లే బస్సు నడిపేవాడితో ఆ బస్సులోనే వెళ్లిపోయింది. ఊరందరి కార్లకీ టైర్లు వేసే మనిషికి సొంత కారు లేదు. మంచు మీద కాలితో తన్నుకుంటూ పోయే స్లెడ్జి బండి ఉంది. దాని మీదే వస్తాడు, దాని మీదే పోతాడు.

ఇవాళ అతనికి పనిలో ఆఖరి రోజు. రేపట్నించి పెన్షను.

పెత్తెరి కాగితం పట్టుకుని వచ్చాడు. చిన్నప్పుడు ఈ టైర్ల గుట్టల్లో దాక్కుని ఆడుకున్నవాడే, ఇప్పుడు యజమాని. పేరులోనే పెత్తనం ఉంది.

“ఆర్వో, ఒక్క సంతకం పెట్టు.”

“దేనికి?”

“రౌతియో కారు సంగతే.”

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఈ నెల మొదట్లో పక్కూరి రౌతియో టైర్లు మార్పించుకుని వెళ్లాడు. వారం తిరిగేసరికి కారు ముందు చక్రం ఊడి, తపాలా పెట్టెల్ని కూలగొట్టుకుంటూ పోయింది. కారు గోతిలో పడింది, మనిషి చెయ్యి విరిగింది. షాపువాళ్లు బోల్టులు వదులుగా వదిలేశారని రౌతియో బీమాకి రాశాడు. అతని కారు బీమావాళ్లు, తప్పు షాపుదైతే డబ్బు షాపు బీమావాళ్లే ఇవ్వాలన్నారు. షాపు బీమావాళ్లు, బిగించిన మనిషి తప్పు ఒప్పుకుంటే ఇస్తామన్నారు. బీమావాడు డబ్బు తీసుకునేటప్పుడు చుట్టం, ఇచ్చేటప్పుడు వకీలు.

“అడవిలో చెట్లు కొట్టే ఆయన యంత్రాలన్నిటికీ మన దగ్గరే టైర్లు,” అన్నాడు పెత్తెరి గొంతు తగ్గించి. “ఆయన పోతే షాపు మూతే. బీమావాడు ఇస్తాడు, మన జేబులోంచి పోయేది లేదు. నువ్వెలాగూ ఇవాళ్టితో పోతున్నావు. బిగించడం మర్చిపోయానని రాసిస్తే నీకేం నష్టం చెప్పు?”

“బిగించాను.”

“బిగించావనే నేనూ అంటున్నాను. కాగితం మీద మాత్రం…”

“బిగించాను,” అన్నాడు ఆర్వో, పక్క చక్రానికి జరుగుతూ.

నష్టమేమిటో అతను చెప్పలేదు. అంత పెద్ద మాటలు అతని దగ్గర లేవు. రాత్రి పక్క మీద వాలాక దూరంగా రోడ్డు మీద ఏదో కారు పోతున్న చప్పుడు వినిపిస్తుంది. ఎవరిదో తెలియదు. తన చేతి కిందనుంచి పోయినదే అయ్యుంటుంది. ‘ఉంది’ అనుకుని అటు తిరిగి పడుకుంటాడు. ఇన్నేళ్ల చాకిరీకి మిగిలింది ఆ నిద్ర. ఈ సంతకం పెడితే రేపట్నించి ప్రతి చప్పుడుకీ లేచి కూర్చోవాలి. ఊళ్లో వాళ్లూ కారెక్కే ముందు చక్రం వైపు వంగి చూస్తారు.

కాఫీ గదిలోంచి రౌతియో కారు బీమా మనిషి హొల్మ్ ఇవతలికి వచ్చాడు. దక్షిణం నుంచి వచ్చిన మనిషి. పల్చటి బూట్లు, చంకలో సంచీ.

“మీకు గుర్తుండకపోవడం సహజమేనండీ,” అన్నాడు మెత్తగా.

ఆ ఊళ్లో చర్చి పాస్టరుని కూడా నువ్వనే అంటారు. ఎవడైనా మీరన్నాడంటే ఏదో పట్టుకుపోవడానికి వచ్చాడని లెక్క. వరసలో ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు.

“రోజుకి ఎన్ని చక్రాలు బిగిస్తారు మీరు?”

“వచ్చినన్ని.”

“అందులో ఒక్కటి మర్చిపోయే అవకాశం లేదంటారా?”

“పొద్దున్నే ప్యాంటు తొడుక్కోవడం మర్చిపోతావా నువ్వు?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. హొల్మ్ ఎర్రబడి కాగితాన్ని టూల్సు బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టి నిలబడ్డాడు. పెత్తెరి చూపు నేలకి దిగిపోయింది.

అప్పుడు తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. గట్టి మనిషి. టోపీ మీది మంచు దులుపుకుంటూ, “ఇక్కడ టైర్లు తెలిసినవాళ్లెవరు?” అంది. వరసంతా ఆర్వోని చూపించింది.

“మంచుని పట్టుకునే మేకులున్న టైర్లు కొనాలా, లేనివా? నాకు తెలిసి చావదు. ఇన్నాళ్లూ మా ఆయనే చూసేవాడు.”

“ఎటు నడుపుతావు?” అన్నాడు ఆర్వో.

“సంతకి. ఇంకా మా చెల్లెలింటికి. సరస్సు గడ్డకట్టాక దాని మీదుగానే.”

“మేకులున్నవే తీసుకో.”

“గోల చేస్తాయటగా?”

“చేస్తాయి. గోల చేసినంతసేపూ రోడ్డుని పట్టుకునే ఉన్నాయని తెలుస్తుంది.”

“మా ఆయనకంటే నయం. ఆయన గోలే గానీ పట్టు లేదు.” ఆవిడే ముందు నవ్వింది. “సరే, వేసెయ్. కానీ చూడు, గట్టిగా బిగించు. మా మహానుభావుడు చేసినట్టు చెయ్యకు. దుప్పివేటకి కాటేజీకి పోయినప్పుడు బ్రేకు కీచుమంటోందని చక్రం ఊడదీశాడు. మళ్లీ బిగించడానికి సరైన రెంచి లేదు. కాలితో తొక్కాడు. కాలితో! సౌనా వేడెక్కింది, బీరు చల్లబడింది, ఇంక చాల్లే అన్నాడు.”

ఆర్వో చేతిలో రెంచి ఆగింది. పెత్తెరి గట్టిగా దగ్గాడు. ఆవిడ పట్టించుకోలేదు.

“ఊళ్లోకెళ్లి ఈ షాపులోనే బిగింపించుకోమన్నాను. వింటేనా? మర్నాడు రోడ్డు మీద పోతున్నాం. మా పక్కనుంచి ఒక చక్రం మమ్మల్ని దాటుకుని పోయింది. ‘అటు చూడవే, ఎవడిదో చక్రం పోతోంది!’ అని నవ్వాడు. నేనూ నవ్వాను. కారు ఒరిగాక తెలిసింది ఎవడిదో!”

షాపు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఒకడు టైరు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

హొల్మ్ మాత్రం నవ్వలేదు. “మీరు ఎవరో తెలుసుకోవచ్చాండీ?”

“సిర్కా రౌతియో. ఇదేంటి, ఇతను మీరంటున్నాడు? పన్నులవాడా?”

మాట పూర్తయేలోపు రౌతియోనే వచ్చాడు. సంతకం అయిందో లేదో చూసి పోదామని కాబోలు. కట్టు కట్టిన కుడిచెయ్యి మెడకి వేలాడుతోంది. ముందు పెళ్లాన్ని చూశాడు, తర్వాత హొల్మ్‌ని, ఆపైన పళ్లన్నీ బయటపెట్టి ఉన్న వరసని చూశాడు.

“నువ్విక్కడేంటి?” అన్నాడు.

“టైర్లు కొంటున్నాను. నువ్వు?”

రౌతియో కాఫీ గది వైపు మెడ చాపాడు.

“కాఫీ ఉందా?” అన్నాడు.

మళ్లీ నవ్వులు లేచాయి. హొల్మ్ ముందుకు వచ్చాడు. “మీరు మీ దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నారాండీ?”

“ఏ దరఖాస్తు?”

సిర్కాకి అప్పటికి సంగతి ఎక్కింది. బల్ల మీద కాగితం అందుకుని చదివింది. ఆ ముఖంలో నవ్వు పోయింది. “ఈ పెద్దమనిషి మీద పెట్టావా? నీ పాదం చేసిన పనికి ఇతని చెయ్యా జవాబుదారీ?”

రౌతియో గడ్డం గోక్కున్నాడు. “చెయ్యి విరిగింది గానీ… లేకపోతే చెయ్యి కలిపేవాణ్ణే.”

“ఎడమది ఉందిగా!”

అందరూ చూస్తుండగా రౌతియో ఎడమచెయ్యి చాపాడు. ఆర్వో ప్యాంటుకి తుడుచుకుని తన ఎడమచెయ్యి ఇచ్చాడు. ఇద్దరికీ అలవాటులేని చేతులు, కాసేపు తడబడ్డాయి. ఆ తర్వాత గట్టిగానే పట్టుకున్నాయి.

“తప్పు నాదే,” అన్నాడు రౌతియో. ఆ మనిషి నోట ఆ మాట పెళ్లిరోజున కూడా వినలేదని సిర్కా చెప్పింది. తమ బళ్లన్నిటికీ టైర్లు ఇక్కడే అని, చెక్కుల మీద సంతకం తనదేనని కూడా చెప్పింది. పెత్తెరికి ప్రాణం లేచొచ్చింది.

ఆర్వో ఆవిడ చేతిలోని కాగితం తీసుకుని చేతి గ్రీజు తుడుచుకోబోయాడు. నున్నటి ఖరీదైన కాగితం, గ్రీజు పీల్చదు. తిరిగి హొల్మ్ చేతిలో పెట్టేశాడు.

ఆ తర్వాత షాపులో ఒక వింత జరిగింది. కార్లని పైకెత్తే పక్క లిఫ్టు ఖాళీగా ఉంది, దాని మనిషి గన్ను పట్టుకుని రమ్మంటున్నాడు. ఒక్కరూ కదల్లేదు. “మేం ఉంటాంలే,” అన్నారు. వరస రోడ్డుదాకా పెరిగింది, పాస్టరు కూడా చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. చివరికి పెత్తెరి కోటు విప్పి ఆర్వో పక్కన చేరాడు. తండ్రి కాలంలో పిల్లాడిగా చేసినట్టు టైర్లు దొర్లించుకొచ్చి అందించాడు. హొల్మ్ పల్చటి బూట్లు జారకుండా గోడ పట్టుకుని తన కారుదాకా వెళ్లి, నడిమంచులో నిలబడి ఆలోచించుకుని, వెనక్కి వచ్చి వరస చివర నిలబడ్డాడు.

“మేకులున్నవా, లేనివా?” అన్నాడు ఆర్వో అతని వంతు వచ్చినప్పుడు.

“నువ్వెలా చెబితే అలా,” అన్నాడు హొల్మ్.

హొల్మ్ కారు ఆఖరి బోల్టు కూడా టక్కుమంది. చీకటి పడ్డాక పెత్తెరి కేకు తెచ్చి కాఫీ గదిలో పెట్టి, ఆర్వో కోసం వెతికాడు. వెనక తలుపు దగ్గరికి వేసి ఉంది. పని దుస్తులు కొక్కేనికి ఉన్నాయి. బయట మంచు మీద స్లెడ్జి గీతలు రెండు, మధ్యలో ఒంటికాలి తన్నుడు గుర్తులు, ఇంటివైపు తిన్నగా పోయాయి.

మర్నాడు ఆర్వో లిఫ్టు దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. నేల మీద, మోకాళ్ల కింద వేసుకునే పాత రబ్బరు చాప ముక్క ఒకటి ఉంది. దాని మీద నున్నగా అరిగిన రెండు గుంటలు, పక్కపక్కనే.