ఎక్కువైన రాగి

ఉప్పునీటి తొట్టిలోంచి లోహపు ముక్కను తీసి ఆమె దీపం కింద పెట్టింది. ఒక వైపు అద్దంలా మెరుస్తోంది. రెండో వైపు నిండా సన్నటి గుంటల చారలు.

ఆ ముక్కను పోసింది ఆమె మొగుడే. దూరాన ఉన్న పెద్ద కర్మాగారంలో కొలిమి ఆయనది, ఇక్కడి పరీక్ష గది ఈమెది. సముద్రపు పంపుల రెక్కల కోసం ఇనుము, నికెల్, క్రోమియం, కోబాల్ట్, కాస్తంత రాగి కలిపి చేసిన కొత్త మిశ్రమం అది. తుప్పును తట్టుకుంటే కొలిమిని ఇక్కడికే తెస్తారట, కొలిమితో పాటు ఆయన్నీ. అందుకే ఇన్నాళ్ళూ ఆ తొట్టి చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఇంటికెళ్తే ఒక్క కంచం, ఒక్క దిండు. ఆయన పక్కన కూర్చుని విసుక్కుంటుంటే వినాలని ఆమె కోరిక. గొంతెమ్మ కోరికేం కాదు కదా!

ముక్కను తిరగేసింది. ఈ మచ్చలేని వైపే చూపిస్తే అడిగే నాథుడు లేడు. కాసేపు అలాగే చూసి, తనను తాను తిట్టుకుని, మళ్ళీ తిప్పి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. సంగతి తెలిసిపోయింది. రాగి కొద్దిగా ఉంటే మిగతా లోహాల్లో కలిసిపోతుంది. ఎక్కువైతే వాటితో పొసగక, రేణువుల మధ్య పొలం గట్లలా విడిగా పేరుకుంటుంది. ఈ వైపు అవి ఎక్కువగా చేరాయి; ఉప్పునీరు ముందు ఆ గట్లనే తినేసింది.

వెంటనే ఫోన్ చేసింది.

"ఏవండీ, ముక్కకు గుంటలు పడ్డాయి. రాగి ఎంత వేశారు?"

అవతల నీళ్ళు నమలడం వినిపించింది. "కాస్త ఎక్కువే పడింది. ఈ ముక్కలన్నీ బూడిద మొహాలేనని ఆమధ్య నువ్వే విసుక్కున్నావుగా. కొంచెం ఎర్రదనం వస్తే మురిసిపోతావనుకున్నా."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నా మొహానికి రంగులొక్కటే తక్కువయ్యాయా? నాకు మీరు కావాలండీ!"



"రిపోర్టు రాసేశావా?" అన్నాడాయన.

"ఇంకా లేదు."

"పోనీ..." అని ఆగిపోయాడు. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోని మనిషి. "వద్దులే. ఉన్నదున్నట్టు రాసెయ్. మళ్ళీ పోస్తాను."

తనకే కాదు, ఆయనకీ ఇల్లు అంతగా గుర్తొస్తోందన్నమాట. కళ్ళు తుడుచుకుని, రిపోర్టులో 'పనికిరాదు' అని రాసి సంతకం పెట్టింది.